మలుపు పైన నలభై మూడు చెట్లు

అడవి క్వార్టరు,
ఫిబ్రవరి 20

మరదలా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడు పేజీలు నీ మొగుడి మీద చాడీలే. నాకెందుకమ్మా ఇవన్నీ? మనిద్దరం ఒకే గదిలో అద్దెకున్నప్పుడే చెప్పానా లేదా, మా తమ్ముడు ఒట్టి మొద్దు, రైలు పట్టా కన్నా తిన్నగా ఉంటాడు, వాణ్ణి వంచడం నీ వల్ల కాదని? విని కూడా చేసుకున్నావు. ఇప్పుడు అనుభవించు.

మా కొత్త ఇంజనీరు మొన్న గుట్టెక్కాడు. ఆయాసపడుతూ, "ఈ చెట్లు దేనికమ్మా, నీడకా?" అన్నాడు. నవ్వు ఆపుకోలేక చచ్చాను. అరవై ఏళ్ళ కిందట రైల్వే వాళ్ళే ఒక్కొక్కటీ నాటించారు సార్, పైన కొండ పగిలి రాళ్ళు రాలుతుంటే పట్టాల దాకా పోకుండా ఇవే ఆపుతాయి అని చెప్పాను. తల ఊపాడు. ఎంత ఎక్కిందో తెలియదు. నిరుడు గాలికి డొల్లచెట్టు ఒకటి విరిగి లైన్ మీద పడి ఆరు గంటలు రైళ్ళు ఆగాయి చూడు, అది మాత్రం ఆయనకి బాగా తెలుసు. పట్టాల మీద పడేలా ఉన్న చెట్టు ఒక్కటి కూడా మిగలకూడదని చేతికి కాగితం ఇచ్చాడు. ఏవి కొట్టాలో ఎంచే పని నాది.

వారం రోజులు తిరిగాను. గొడ్డలి వెనకవైపుతో తట్టడం, లోపల డొల్ల మోత వస్తోందేమో వినడం. లైను మలుపు తిరిగే చోట పైన ఉన్నవాటిని చూస్తే జాలేసింది. కొండవైపు బెరడంతా లేచిపోయి గాయాలు, గాయాల్లో కుళ్ళు. లెక్కేస్తే నలభై మూడు తేలాయి. అన్నిటికీ మొదలు దగ్గర నా నంబరున్న సుత్తితో ముద్ర కొట్టాను. సోమవారం రంపం వాళ్ళొస్తారు. ఇక నున్నటి, ఆరోగ్యమైన చెట్లే మిగులుతాయి. రోజూ కింద పట్టాల వెంట నడిచే నీ మొగుడి నెత్తి మీద చెట్టు పడే భయం లేకుండా చేస్తున్నాను, నాకు దండం పెట్టుకో.

చిట్టిదానికి ముద్దులు.

మీ వదిన

---

కుట్టు షెడ్డు వెనక గది,
మార్చి 12

వదినా,

చాడీలట, చాడీలు! మీ అక్కాతమ్ముళ్ళ మధ్య దూరినందుకు నా నోరు నేనే కుట్టేసుకోవాలి. పద్నాలుగు రోజులకి ఒకసారి ఇంటికొస్తాడు, వచ్చి ఏం చేస్తాడో తెలుసా? మంచం మీద కూర్చుని, పట్టాల వెంట కనబడ్డదల్లా రాసుకునే ఆ లైను పుస్తకం చదువుకుంటాడు. "ఫలానా స్తంభం దగ్గర కాకి గూడు. ఫలానా చోట ఎవరిదో ఒంటి చెప్పు." రాసింది తనే, చదివేదీ తనే! మా పెళ్ళినాడు కూడా తెల్లారి లైన్ నడిచొచ్చాడు కదా, ఆ పేజీ తీసి చూశాను. "అంతా సవ్యం" అని ఉంది. పదకొండేళ్ళయింది, నా గురించి మీ తమ్ముడు రాసిన మంచిమాట అదొక్కటే.

ఈసారి కూడా రెండు ప్యాంట్లూ మోకాళ్ళ దగ్గరే చిరిగాయి. బోల్టు బోల్టుకీ మోకాళ్ళ మీద కూర్చుంటే చిరగవా మరి? మాసికలు వేస్తూ విసుక్కుంటుంటే మా షెడ్డులో పెద్దావిడ అంది కదా, "చిరిగిన చోటుని తిట్టకే, గుడ్డ పనిచేసేది అక్కడే." ఆవిడకేం, చెబుతుంది. సూది గుచ్చుకునేది నా వేలికి.

నీ చెట్ల సంగతి అడిగితే, "మలుపు కాడ ఇప్పుడు ఆకాశం కనబడుతోంది" అన్నాడు. మంచిదేగా అన్నాను. లేచి వెళ్ళి బూట్లు తుడుచుకున్నాడు.

నీ మరదలు

---

అడవి క్వార్టరు,
ఏప్రిల్ 28

మరదలా,

ఇంజనీరు వచ్చి చూసి మెచ్చుకున్నాడు. గుట్టకి తల దువ్వినట్టుందట. ఆ మెప్పు వెనకే ఇంకో మాట అన్నాడు. పైఆఫీసులో అడవి సెక్షన్ ఎత్తేసి, గుట్టంతా నరికి, రాళ్ళు రాలకుండా ఉక్కు వల కప్పేద్దామని అంటున్నారట. ఒక్క సాకు దొరికితే చాలట. ఇరవై రెండేళ్ళు ఈ చెట్ల మధ్యే గడిపాను. పెళ్ళి మానుకున్నాను, పిల్లలు లేరు, నాకున్నది ఇదే.

కొట్టిన చోట దుంగలు అడ్డంగా పరిపిస్తే బాగుంటుంది, నలుగురు మనుషుల్ని ఇవ్వమని అడిగాను. ఇస్తామన్నారు. వానలకి ముందే చేయించాలి.

నీ మొగుడితో చెప్పు, ప్రతి గులకరాయికీ జాతకం రాయక్కర్లేదని. నేను చెబితే మొహం ముడుచుకుంటున్నాడు.

మీ వదిన

---

కుట్టు షెడ్డు వెనక గది,
జూన్ 10

వదినా,

ఒక సంగతి అడుగుతాను, దాచకుండా చెప్పు. మీ ఇద్దరికీ ఏమైనా గొడవయిందా?

మీ తమ్ముడు ఈ రెండు నెలలుగా మనిషి మనిషిలా లేడు. పుస్తకం ఇంటికి తేవడం మానేశాడు. చిట్టిది "నాన్నా, ఇవాళ కాకిగూడు చదవవా?" అంటే, "ఏం లేవమ్మా" అన్నాడు. వాన మబ్బు కనబడితే చాలు లేచి గుమ్మంలో నిలబడతాడు. ఏమైందయ్యా అంటే, "అక్కనడుగు" అంటాడు. అందుకే అడుగుతున్నా.

ఇంకొకటి. ఈసారి మోకాళ్ళు బాగానే ఉన్నాయి. చొక్కాలన్నీ కుడి భుజం దగ్గర అరిగిపోయాయి. విప్పించి చూస్తే భుజం కమిలిపోయి ఉంది. లైన్ నడిచేవాడు భుజం మీద ఏం మోస్తాడు వదినా? బస్తాలు మోసే పని కూడా పెట్టారా?

నీ మరదలు

---

అడవి క్వార్టరు,
జూన్ 19

మరదలా,

గొడవేం లేదు. వాడి సంగతి నీకు తెలియందేముంది, ఊరికే మనసులో పెట్టుకుంటాడు. భుజం సంగతి నాకూ తెలియదు, అడుగుతాను.

దుంగలకి మనుషుల్ని జూలై మొదటి వారంలో పంపుతామన్నారు. అదొక్కటి అయిపోతే అన్నీ సర్దుకుంటాయి. ఎక్కువ రాయలేను, పని ఉంది.

మీ వదిన

---

కుట్టు షెడ్డు వెనక గది,
జూలై 30

వదినా,

మీ తమ్ముణ్ణి మట్టిలో పెట్టి పద్దెనిమిది రోజులు. ఆ రోజు నువ్వు నన్ను పట్టుకున్నావు గానీ నా మొహంలోకి చూడలేదు. మూడోనాడే వెళ్ళిపోయావు. పక్క సెక్షన్‌లో గాలికి పడ్డ చెట్లు తీయించడానికి నిన్ను పంపారట. అందుకే ఈ చిరునామాకి రాస్తున్నా.

నిన్న ఆఫీసుకి పిలిచారు. ఓదారుస్తారనుకుని వెళ్ళాను. తెల్లారుజామున వానలో మలుపు దగ్గర పట్టా మీద రాయి పడి ఉండటం చూసి ఎర్రజెండా పట్టుకుని ఎదురు పరిగెత్తాడు కదా, రైలు ఆగింది కదా, అందులో అన్ని వందల మంది బతికారు కదా. ఆ తర్వాత రాయి తీయడానికి వెనక్కి వెళ్తేనే కదా రెండోది వచ్చి తగిలింది. ఇదంతా డ్రైవరు చెప్పాడు, వాళ్ళూ ఒప్పుకున్నారు.

ఒప్పుకుని ఏమన్నారో తెలుసా? మలుపు దగ్గర పట్టాల కింది స్లీపర్ల మీద రాళ్ళు తగిలిన పాత దెబ్బలు చాలా ఉన్నాయట. అంటే నెలల తరబడి రాళ్ళు పడుతున్నాయట. పుస్తకంలో చూస్తే ఏప్రిల్ నుంచి ఒక్క రాయీ లేదట. రోజూ "అంతా సవ్యం" అని సంతకమట. కాబట్టి ఆయన మలుపు దాకా నడవనే లేదట! లైను పక్క తన గుడిసెలో కూర్చుని దొంగ సంతకాలు పెట్టాడట! ముందే చెప్పి ఉంటే ఈ ప్రమాదమే జరిగేది కాదట, తన చావుకి తనే బాధ్యుడట. సెప్టెంబరు ఆఖరుకి అలాగే రాసి మూసేస్తారట.

ఒంటి చెప్పు కనబడితే రాసిన మనిషి వదినా! బడిలో చిట్టిదాన్ని "మీ నాన్న పని దొంగ" అన్నారు. అది ఏడవలేదు. ఇంటికొచ్చి ఆయన బూట్లు తీసి, అరిగిన అడుగులు నాకు చూపించింది.

నువ్వు గుట్ట మీద ఉండేదానివి. రోజూ ఆయన నడవడం పైనుంచి నీకు కనబడేది. ఒక్క కాగితం రాసివ్వు. మా తమ్ముడు నడిచాడు అని రాయి. నాకింకేం వద్దు.

నీ మరదలు

---

పక్క సెక్షన్ షెడ్డు,
ఆగస్టు 11

మరదలా,

రాసి పంపాను. రోజూ నడిచాడని, నా కళ్ళతో చూశానని రాశాను. తోబుట్టువు మాట చెల్లదన్నారు. నడిస్తే రాళ్ళు ఎందుకు రాయలేదని అడిగారు.

నాకు ఒంట్లో బాగాలేదు. చిట్టిదాన్ని జాగ్రత్తగా చూసుకో.

వదిన

---

మలుపు దగ్గర గుడిసె,
ఆగస్టు 26

వదినా,

గుడిసె ఖాళీ చేయమంటే వచ్చాను. నీ క్వార్టరుకి తాళం ఉంది. అందుకే మళ్ళీ ఉత్తరమే.

గుడిసె వెనక గోడ వారన రాళ్ళ వరస ఉంది. మొదట పూలమొక్కలకి గట్టు కట్టుకున్నాడేమో అనుకున్నా. దగ్గరికెళ్ళి చూస్తే ప్రతి రాయి మీదా తెల్ల పెయింటుతో తేదీ ఉంది. అదే, స్తంభాల మీద నంబర్లు వేసే పెయింటు. మొదటిది ఏప్రిల్ 9, పిడికిలంత. తర్వాత్తర్వాత పెద్దవయ్యాయి. ఆఖరుది జూలై 11, నేను రెండు చేతులా ఎత్తలేకపోయాను. మొత్తం ముప్పై ఒకటి. మూడుసార్లు లెక్కపెట్టాను.

భుజం ఎందుకు కమిలిందో ఇప్పుడు తెలిసింది. మలుపు నుంచి గుడిసెకి అర మైలు.

రోజూ నడిచాడు. పడ్డ ప్రతి రాయినీ చూశాడు. మోసుకొచ్చాడు. తేదీ వేశాడు. మరి పుస్తకంలో ఎందుకు రాయలేదు? రాయకుండా ఉండలేని మనిషి, ఎవరు చెబితే ఊరుకున్నాడు? "అక్కనడుగు" అన్నాడు నాతో. అప్పుడు అడిగాను, నువ్వు ఏం లేదన్నావు.

మళ్ళీ అడుగుతున్నా.

---

పక్క సెక్షన్ షెడ్డు,
సెప్టెంబరు 3

మరదలా,

నేనే రాయొద్దన్నాను.

ఏప్రిల్ తొమ్మిదిన ఆ పిడికిలంత రాయి పట్టుకుని పైకొచ్చాడు. పుస్తకంలో ఎక్కించే ముందు అక్కకి చూపిద్దామని. దాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. ఏం చేశానో అప్పుడర్థమైంది. ఆ నలభై మూడింటికి గాయాలు ఎందుకున్నాయి? రాళ్ళు దొర్లే దారిలో నిలబడ్డాయి కనక. అరవై ఏళ్ళుగా దెబ్బలన్నీ అవే తిన్నాయి. నున్నగా ఉన్నవాటికి ఏనాడూ ఒక్క రాయీ తగల్లేదు, వాటి దారిలో రాళ్ళే రావు. నేను గాయాన్ని చూసి జబ్బనుకున్నాను. పనిచేసేవాటిని కొట్టించి ఊరికే నిలబడ్డవాటిని మిగిల్చాను. డొల్ల అయినా సరే, వాటి పక్కన పిల్లచెట్లు పెరిగాక ఒక్కొక్కటిగా తీయాల్సినవి. ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నదాన్ని, ఇంత చిన్న సంగతి నిరుటి చెట్టు భయంలో మర్చిపోయాను. మార్చిలో నువ్వు రాశావు, చిరిగిన చోటే గుడ్డ పనిచేసేదని. చదివి నవ్వుకున్నాను.

రాళ్ళ సంగతి పుస్తకంలో పడితే అడవి పనికిరాదని సెక్షన్ ఎత్తేస్తారని భయపడ్డాను. నా తప్పు బయటపడుతుందని కూడా భయపడ్డాను, అది ముందు రాయాల్సింది. "వానల దాకా ఆగరా, దుంగలు పరిపిస్తాను, నా మాట విను" అన్నాను. తల వంచుకుని నిలబడ్డాడు. వంచడం ఎవరి వల్లా కాదని నీతో అన్నాను కదా, నేను వంచాను. మనుషులు జూలైలో రాలేదు.

నాకు చెప్పింది నాలుగు రాళ్ళే. ఐదోసారి నుంచి చెప్పడం మానేశాడు. నేనూ అడగలేదు. అడిగితే చెబుతాడని అడగలేదు. ముప్పై ఒకటని నీ ఉత్తరంలో చూసేదాకా నాకు తెలియదు. ఈ సెక్షన్‌కి నన్నెవరూ పంపలేదు, నేనే అడిగి వచ్చాను, నీ మొహం చూడలేక.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా నువ్వేం చేయమంటే అది చేస్తాను.

---

కుట్టు షెడ్డు వెనక గది,
సెప్టెంబరు 10

అడవి గార్డు గారికి,

మీ ఉత్తరం చేరింది.

ఏం చేయాలో నన్ను అడుగుతున్నారు. ఆయన్నీ మీరు ఇలాగే అడిగి ఉంటే బాగుండేది.

రాళ్ళు గుడిసె వెనకే ఉన్నాయి. నేను ముట్టుకోలేదు. విచారణ ఇరవై ఎనిమిదో తేదీ. ఒక్కొక్కటీ మీరే మోసుకెళ్ళండి. బండి పెట్టకండి.

ఇకమీదట మీరు నాకు వదిన కారు. చిట్టిదానికి ఉత్తరాలు రాయకండి.

లైన్‌మనిషి భార్య

---

అడవి క్వార్టరు,
అక్టోబరు 2

మరదలా అని రాసే హక్కు లేదు. అయినా జరిగింది చెప్పాలి.

ఆఫీసు స్టేషన్ పక్కనే. గుడిసె నుంచి రెండు మైళ్ళు. పది రోజులు మోశాను. పెద్దవి రోజుకి రెండు కన్నా అవలేదు. వాడు ఏ భుజం మీద మోశాడో ఆ భుజం మీదే మోశాను. విచారణ నాడు తేదీల వరసన బల్ల ముందు నేల మీద పేర్చాను. ఇంజనీరు "ఏంటమ్మా ఇదంతా?" అన్నాడు. ఇది మా తమ్ముడి పుస్తకం సార్ అన్నాను. గుట్ట మీదికి తీసుకెళ్ళి నలభై మూడు మోళ్ళూ చూపించాను. ప్రతిదాని మీదా నా నంబరు. ఒక్కో రాయి ఏ మోడు పక్కనుంచి జారిందో నేల మీద చారలు ఇంకా ఉన్నాయి. కొట్టమని కాగితం ఇచ్చింది ఆయనే, ఆ మాట మాత్రం ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎంచింది నేను.

రిపోర్టు మార్చారు. "రోజూ నడిచాడు, రైలుని కాపాడుతూ చనిపోయాడు" అని ఉంటుంది. నకలు నీకు పంపుతారు. చిట్టిదానికి చదివి వినిపించు.

నన్ను తీసేశారు. సుత్తి అప్పగించేశాను. ఉక్కు వలకి ఏడాది పడుతుందట, అది కూడా సగం గుట్టకే. మిగతా సగానికి మొక్కలు నాటాలి. కూలి మనుషులు కావాలంటే నా పేరు రాయించుకున్నాను. ఈ మొక్కలు రాయిని ఆపేంత లావవడానికి ముప్పై ఏళ్ళు పడుతుంది. నేను చూడను. నువ్వు జవాబు రాయకపోయినా ఫర్వాలేదు.

---

మలుపు దగ్గర గుడిసె,
నవంబరు 17

వదినా,

ఆయన స్థానంలో నాకు ఉద్యోగం ఇచ్చారు. ఆఫీసులో ఫైళ్ళు సర్దే పని అన్నారు. మలుపే కావాలన్నాను. ఆడమనిషివి, ఆ మలుపు మంచిది కాదన్నారు. ఇంకెవరూ ఒప్పుకోవడం లేదు కదా అన్నాను. ఇచ్చారు. చిట్టిది బడి రోజుల్లో షెడ్డు పెద్దావిడ దగ్గర ఉంటోంది. రిపోర్టు నకలు బడికి పట్టుకెళ్ళి టీచరు చేత అందరి ముందూ చదివించింది. నేను చెప్పలేదు, తనే పట్టుకెళ్ళింది.

ఆయన ప్యాంట్లే నడుం కుదించి వేసుకుంటున్నాను. మోకాళ్ళ మీద నేను వేసిన మాసికలే ఉన్నాయి. తెల్లారి లైన్ నడుస్తుంటే పైన మోళ్ళ మధ్య వంగి గోతులు తవ్వుతూ నువ్వు కనబడతావు. నువ్వు నన్ను చూసి నిలబడిపోతావు. నిలబడకు, పని చేసుకో.

నిన్ను క్షమించానని అనుకోకు. క్షమించలేదు. ఎప్పటికైనా క్షమిస్తానో లేదో నాకే తెలియదు. నీ గడప తొక్కను, నాతో మాట్లాడాలని కిందికి రాకు.

ఇవాళ రెండు రాళ్ళు పడ్డాయి. ఒకటి పిడికిలంత, ఒకటి తలకాయంత. రెండూ పుస్తకంలో రాశాను.

ఒక్క మాట. నేను మలుపు కింద ఉన్నప్పుడు పైన రాయి కదిలితే గట్టిగా కేకెయ్యి. అదొక్కటి వింటాను.